కండక్టరమ్మ ముఖం

పొద్దుటి డ్యూటీ ఉన్న రోజుల్లో ఆ ఇంట్లో మొదట లేచేది కండక్టరమ్మే, మొదట అరిచేదీ ఆవిడే. బకెట్ నిండి నీళ్ళు పొంగిపోతున్నా కుళాయి కట్టనందుకు ఒక అరుపు. ఇస్త్రీ చేసి పెట్టుకున్న యూనిఫారం మీద ఇంకేదో బట్ట పడేసినందుకు ఒక అరుపు. గోడ గడియారం నిదానంగా నడుస్తున్నందుకు, అందులో ఎవరి తప్పూ లేకపోయినా, ఇంకో అరుపు. ఇవన్నీ అయ్యేసరికి ఆవిడ చేతివేళ్ళు తేటపడేవి. కాలవనీళ్ళ అడుగున గులకరాళ్ళు కనిపించినట్టు చర్మం కింద ఎర్రటి కండలు, తెల్లటి తాళ్ళలాంటి నరాలు, వాటికింద ఎముకలు స్పష్టంగా కనిపించేవి. ఆ వేళ్ళతోనే ఆవిడ జడ వేసుకుని, టికెట్ మిషన్ భుజానికి తగిలించుకుని బయల్దేరేది.

కోపం ఎంత పెరిగితే తేట అంత పైకి ఎక్కేది. కోపం దిగితే చర్మం మళ్ళీ మామూలుగా మూసుకునేది. రోజూ ఆ బస్సులో వెళ్ళేవాళ్ళకి ఇదంతా అలవాటే.

“మణికట్టు దాటిందయ్యా, టికెట్లు తీసుకోండి తొందరగా,” అని ముందు సీట్లలోవాళ్ళు వెనక్కి కేకేసేవారు. మోచేయి దాటిందంటే మెట్ల మీద వేలాడేవాళ్ళు తమంతట తామే లోపలికి జరిగేవారు. భుజం దాకా వెళ్ళిన రోజున డ్రైవరు కూడా పాటలు ఆపేసేవాడు.

కూతురికి మాత్రం ఈ కోపం ఒంటబట్టలేదు. తల్లి అరిచినప్పుడల్లా తల దించుకుని కాలి బొటనవేలు చూసుకోవడం చిన్నప్పటి నుంచీ ఆ పిల్లకి అలవాటు. చదువైపోయాక కాల్ సెంటర్లో చేరింది. తను తయారుచెయ్యని, అమ్మని ఫ్రిజ్‌ల గురించి ముక్కూ ముఖం తెలియనివాళ్ళు ఫోన్లో బూతులు తిడుతుంటే “క్షమించండి సార్, మీ ఇబ్బంది నాకు అర్థమైంది సార్,” అనడం ఆ పిల్ల పని. “గొంతులో నవ్వు వినిపించాలి” అని సూపర్‌వైజరు వెనక నుంచి చీటీలు అందించేవాడు. రోజంతా క్షమాపణలు చెప్పి చెప్పి, ఇంటికొచ్చాక తలుపు తగిలినా తలుపుకి క్షమాపణ చెప్పే స్థితికి వచ్చింది. అప్పుడు ఆ హెడ్‌ఫోన్ బల్లమీద పెట్టి లేచి వచ్చేసింది. చెప్పుల కొట్టు పైఅంతస్తులో కంప్యూటర్ మీద బొమ్మలు చెక్కడం నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లో చేరింది.

కంప్యూటర్ ఆటల్లోనూ సినిమాల్లోనూ కనిపించే మనుషుల్ని తెరమీదే తయారుచేసే పని అది. తెరమీద ఒక మట్టిముద్ద ఉంటుంది. చేత్తో తాకలేం గానీ, కంప్యూటర్‌కి తగిలించిన పలకమీద పెన్ను నొక్కితే అక్కడ ఆ ముద్ద లొత్తపడుతుంది, లాగితే ఉబ్బుతుంది. కోర్సు అయ్యాక ఒక స్టూడియోవాళ్ళు వచ్చి, బాగా చేసిన ఒక్కరిని పనిలోకి తీసుకుంటారు. ఆ ఒక్కరూ తను కాకపోతే మళ్ళీ హెడ్‌ఫోనే. ఆ సంగతి తలుచుకుంటే ఆ పిల్లకి చెవులు నొప్పెట్టేవి.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎవరైనా చేసే పొరపాటే ఆ పిల్లా చేసింది. ముద్దకి తల అన్న ఆకారమైనా రాకముందే కనురెప్పల వెంట్రుకలు పెట్టింది. పెదాల మీద సన్నటి గీతలు గీసింది. బుగ్గమీద చర్మరంధ్రాలు పొడిచింది. గోడలు లేవకముందే కిటికీలకి తెరలు కుట్టుకున్నట్టయింది పని.

మాస్టారు కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని తెరలోకి వంగి చూశాడు. “ఏంటమ్మా ఇది? పుట్టినరోజుకి ఊదిన బెలూనా?”

“మనిషి సార్.”

“ఎముకలేవీ? ఇంట్లో మరిచిపోయి వచ్చావా?”

క్లాసంతా గొల్లుమంది. ఆ రోజు నుంచి ఆ పిల్ల పేరు రబ్బరు. “రబ్బరూ, కాస్త జరుగు.” “రబ్బరూ, చార్జర్ ఉందా?” ఎవరేమన్నా ఆ పిల్ల నవ్వేది. ఆ పిల్ల చేసిన బొమ్మలూ అలాగే నవ్వేవి.

ఇంకో పొరపాటు కూడా ఉంది. తెర మధ్యలో ఒక గీత ఉంటుంది. దానికి ఇటు చేసిందంతా అటువైపు దానంతటదే పడేలా ఒక మీట ఉంటుంది. సిమెట్రీ అంటారు. ఒక కన్ను చేస్తే రెండు కళ్ళూ అయిపోతాయి. కొత్తవాళ్ళకి అది గొప్ప సుఖం. ఎప్పుడో ఒకప్పుడు ఆ మీట ఆపాలన్న సంగతి మరిచిపోతారు. రెండు పక్కలా అచ్చం ఒకేలా ఉండే ముఖం బతికున్నవాళ్ళకి ఉండదు.

“పుస్తకంలో కండరాల పేర్లు బట్టీ పట్టావు, సంతోషం,” అన్నాడు మాస్టారు. “పేర్లు కదలవమ్మా. కండ కదులుతుంది. ఎవరినైనా చూడు. సరిగ్గా చూడు.”

చూడమంటే ఎవరిని చూడాలో ఆ పిల్లకి తోచలేదు. మర్నాడు పొద్దున్న కుళాయి కట్టడం మరిచిపోయింది.

తల్లి అరుస్తూ వచ్చి కుళాయి కట్టి, జగ్గుతో నీళ్ళు తీసుకుంది. మోచేతి దాకా తేటపడి ఉంది. అరచెయ్యి పైకి ఉన్నంతసేపు ముంజేతిలో రెండెముకలూ పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. జగ్గు వంచడానికి చెయ్యి తిప్పగానే బొటనవేలి వైపు ఎముక రెండోదాని మీదుగా అడ్డంగా వాలింది. దానితోపాటు కండలన్నీ పేనిన తాడులా మెలి తిరిగాయి. ఈ సంగతి పుస్తకంలో ఎన్నోసార్లు చదివింది గానీ, చెయ్యంటే ఇదని ఆ పిల్లకి అప్పుడే తెలిసింది. తల్లి చేతుల్లో పెరిగి, తల్లి చేతి దెబ్బలు తిని, ఆ చేతిని ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ రోజు ఒక్క ముంజెయ్యి మాత్రం చేసింది. మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా పక్క కుర్చీ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన ఏమీ అనకపోవడమే మెచ్చుకోలు.

ఇక్కడే ఆ పిల్ల బుద్ధి పక్కదారి పట్టింది.

మోచెయ్యి కావాలంటే కుళాయి చాలు. భుజం కావాలంటే తడి తువ్వాలు మంచం మీద పారేసి, అడిగితే “ఇప్పుడేమైందని?” అనాలి. మెడ కావాలంటే, తల్లి డ్యూటీ దిగి చెప్పులు విప్పుతుండగా “నీకేంటమ్మా, రోజంతా బస్సులో షికారు,” అనాలి. అలా అన్న రోజున చెవి వెనక నుంచి ఛాతీ మధ్య ఎముక దాకా దిగే మెడ కండ బిగుసుకుని, దాని కొసలో ఎముకని పట్టుకున్న చోటు కూడా కనిపించింది. తల్లి అరుస్తోంది. కూతురు లోపల లెక్క వేసుకుంటోంది: ఇక్కడ మొదలు, ఇక్కడ చీలిక, ఒక పాయ ఎముకకి, ఒక పాయ పక్కకి.

అమ్మమ్మ మంచం మీద నుంచి అంతా గమనిస్తూనే ఉంది. “అమ్మడూ, నీకేమైనా గాలి సోకిందా? నోట్లో నాలుక లేనట్టుండేదానివి. దెబ్బలు తినే మాటలన్నీ ఎక్కడ నేర్చావే?”

“పాఠం అమ్మమ్మా.”

“ఎవరికి?”

ఆ పిల్ల నవ్వింది.

చేతులు వచ్చాయి, మెడ వచ్చింది, వీపు వచ్చింది. తెరమీద బస్సు కడ్డీ పట్టుకుని నిలబడ్డ ఒక ఆడమనిషి ఒళ్ళు తయారైంది. మిగిలింది ముఖం. ముఖం దాకా తేటపడేంత కోపం తల్లికి ఎప్పుడూ రాలేదు. ఆ కోపం తెప్పించే మాట ఏదో కూతురికి తెలుసు.

ఒక సాయంత్రం తల్లి బట్టలు మడతపెడుతోంది. కూతురు ఫోన్ని నీళ్ళ సీసాకి ఆనించి, కెమెరా తల్లివైపు తిప్పి పెట్టింది. ఏదో మాట మీద మాట తెచ్చి, చివరికి ఆ మాట అనేసింది.

“నువ్విలా అరుస్తావు కాబట్టే నాన్న ఇల్లొదిలి పోయాడు.”

మడత చేతిలోనే ఉండిపోయింది. తేట ఒక్క ఉదుటున భుజాలు దాటింది, మెడ ఎక్కింది, గడ్డం అంచుకి చేరింది. దవడ వెనక కండ ముద్దగా లేచింది. కూతురు కళ్ళు ఆ కండకి అతుక్కుపోయాయి. తల్లి ఆ చూపు ఎటు పోతోందో చూసింది. తన కళ్ళలోకి కాదు, దవడ మీదికి. ఆ తర్వాత సీసా చూసింది, సీసా వెనక ఫోన్ చూసింది.

తేట అక్కడే ఆగిపోయింది. తలుపులు మూసినట్టు చర్మం మెడ నుంచి వేళ్ళ దాకా మూసుకుపోయింది.

“కుళాయి కూడా ఇందుకేనా?” అంది తల్లి.

కూతురు బొటనవేలు చూసుకుంది.

“తువ్వాలు? షికారు?” మడత అంచులు సరిచేసింది. “నా కోపం నీకు మట్టిముద్దటే?”

అంతే. మడత పూర్తిచేసి, బట్టలు అలమారలో పెట్టి, వెళ్ళి ముఖం కడుక్కుంది.

ఆ రోజు నుంచి కండక్టరమ్మ కూతురి మీద కోపగించుకోలేదు. నీళ్ళు పొంగితే తనే వచ్చి కుళాయి కట్టేది. యూనిఫారం నలిగితే మళ్ళీ ఇస్త్రీ చేసుకునేది. “సరేనమ్మా,” “అలాగేనండీ,” అని మాట్లాడేది. ఎప్పుడూ చూడని ప్రయాణికురాలితోనైనా ఆవిడ అంత మర్యాదగా మాట్లాడి ఉండదు. బస్సులో మాత్రం మామూలే. ఇంట్లో అమ్మమ్మకి తిట్లు తప్పలేదు.

“నన్నైతే చంపుకు తింటోంది,” అనేది అమ్మమ్మ, కాస్త గర్వంగానే. “నీకేంటే, మహారాణివి, ఒక్క మాట లేదు.”

కూతురు కావాలని కంచం జారవిడిచింది. తల్లి చీపురు తెచ్చి ముక్కలు ఊడ్చింది. “కాలికి గుచ్చుకుంటాయేమో, చూసి నడవమ్మా,” అంది. ఆ ‘అమ్మా’లో ఏమీ లేదు, ఒట్టి గాలి. కాల్ సెంటర్లో తన గొంతు అవతలివాళ్ళకి ఎలా వినిపించేదో ఆ పిల్లకి అప్పుడు తెలిసింది.

స్టూడియో మేడమ్ వచ్చిన రోజున అందరి తెరల ముందూ ఆగుతూ వచ్చింది. ఆ పిల్ల తెర దగ్గర కొంచెం ఎక్కువసేపే ఆగింది.

“ఈ చెయ్యి నువ్వే చేశావా?”

“అవునండీ.”

“కడ్డీ పట్టుకుని అలసిపోయిన చెయ్యి. బాగుంది. వీపూ బాగుంది. ఈ ముఖమేంటి మరి? సగం చేసి, మిగతా సగం అద్దంలోంచి తీసి అతికించావు. పైగా నవ్వుతోంది. ఈ చెయ్యి ఉన్న మనిషి ఇలా నవ్వదు.” మేడమ్ వాచీ చూసుకుంది. “శుక్రవారం లోగా దీనికి తగ్గ ముఖం చేసి స్టూడియోకి పట్టుకురా. లేకపోతే ఆ కిటికీ పక్క అబ్బాయిని తీసుకుంటాను.”

ఇన్‌స్టిట్యూట్‌లో అడిగి ల్యాప్‌టాప్, పలక ఇంటికి తెచ్చుకుని కూర్చున్నా ముఖం రాలేదు. అద్దంలో తన ముఖం చూసి చేసింది, నవ్వు వచ్చింది. పుస్తకం చూసి చేసింది, ముసుగు వచ్చింది. ఫోన్లో ఆ సాయంత్రం తీసిన వీడియో ఉంది. గడ్డం అంచు దాకా ఉంది అందులో. దాన్ని తెరవబోయింది. దాని పైన ఉన్న చిన్న బొమ్మలోనే తల్లి చేతిలో సగం మడతపెట్టిన బట్ట కనిపించింది. తెరవకుండానే తుడిచేసింది.

గురువారం తల్లికి సెలవు. మధ్యాహ్నం అన్నాలయ్యాక కూతురు వచ్చి గుమ్మంలో నిలబడింది.

“అమ్మా, పాత సూపర్‌వైజర్‌తో మాట్లాడాను. సోమవారం నుంచి రమ్మన్నాడు.”

తల్లి తల ఎత్తలేదు. “ఎక్కడికి?”

“కాల్ సెంటర్‌కి. ముఖం రాలేదమ్మా నాకు. నీది దొంగిలించి చెయ్యను. బొమ్మ తీసేశాను అనుకో.”

“అనుకోవడమేంటి? తీసేశావా, లేదా?”

“రేపు తీసేస్తాను.”

తల్లి లేచి నిలబడింది. “అంటే, మళ్ళీ ఆ చెవులకి అది తగిలించుకుని, వాడెవడో తిడితే ‘క్షమించండి సార్’ అంటావు. ఇంకోడు తిడితే ‘మీ ఇబ్బంది అర్థమైంది సార్’ అంటావు. నన్ను పీక్కుతిన్నావు, నా అరుపులన్నీ అరువు తెచ్చుకున్నావు, ఒళ్ళంతా చేసుకున్నావు! ఇంత చేసి, తల దగ్గరికి వచ్చేసరికి మంచిదానివైపోయి సోమవారం నుంచి క్షమాపణలు చెప్పుకోవడానికి పోతావటే? బుద్ధి లేదూ నీకు?”

ఆ ‘బుద్ధి లేదూ’ విని అమ్మమ్మ మంచం మీద లేచి కూర్చుంది. వేళ్ళు, మోచేతులు, భుజాలు, మెడ. తేట గడ్డం ఎక్కి, దవడ దాటి, బుగ్గలమీదికి పాకింది.

కూతురు కళ్ళు దించేసుకుంది.

“దించకు!” అరిచింది తల్లి. “ఎత్తు తల! దొంగచాటుగా చూడ్డం వచ్చు గానీ ఎదురుగా నిలబడితే చూడ్డం రాదా? ఆ యంత్రం ఇలా తే. కుర్చీ కిటికీ దగ్గరికి లాగు. తొందరగా కానియ్. నా కోపం ఎంతసేపుంటుందో నాకే తెలీదు.”

తల్లి ప్లాస్టిక్ కుర్చీలో కిటికీ పక్కన కూర్చుంది. ఒక పక్క నుంచి వెలుతురు పడుతోంది. కూతురు పలక ఒళ్ళో పెట్టుకుంది. మొట్టమొదట సిమెట్రీ మీట ఆపేసింది.

కోపాన్ని ఒక స్థాయిలో నిలబెట్టుకోవడం తేలిక కాదు. కాసేపటికే బుగ్గల మీద చర్మం పాలు కలిపినట్టు మసకబారసాగింది.

“దిగిపోతోంది, దిగిపోతోంది!” అని అమ్మమ్మ హడావుడి పడింది. “ఆ చెకింగ్ ఇన్‌స్పెక్టర్ని తలుచుకోవే!”

తల్లి పైకే చెప్పుకుంటూ తలుచుకుంది. నిండు బస్సులో ప్రయాణికులందరి ముందూ తన సంచి బోర్లించి వెతికినవాడిని, ఏమీ దొరక్కపోతే సంచి నేలమీదే వదిలేసి ఒక్క మాటైనా అనకుండా దిగిపోయినవాడిని. కనుబొమల మధ్య రెండు కండలు దగ్గరికి లాక్కుని ముడిపడ్డాయి. ఎడమది కొంచెం ఎక్కువ. కూతురు ఎడమదే ఎక్కువగా నొక్కింది.

రద్దీలో చెయ్యి వేసినవాణ్ణి తలుచుకుంది. అప్పట్లో వాణ్ణి చెంపమీద కొట్టింది. వాడు డిపోలో ఫిర్యాదు చేస్తే, అధికారి వాడికే తనతో క్షమాపణ రాయించాడు. ముక్కు పక్క నుంచి పైపెదవిని లాగే సన్నటి కండ కుడివైపున మాత్రమే లేచింది. కూతురి పెన్ను ఆగింది. ఈ సంగతి ఆ పిల్లకి తెలియదు. “నువ్వూ రాశావా అమ్మా?” అంది.

“రాశాను. నువ్వొక్కదానివే అనుకున్నావా? చెయ్యి ఆపకు.”

ఆఖరి స్టాపులో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు. డ్యూటీ మొదలైంది మొదలు దిగేదాకా గొంతు తడుపుకోకుండా గడిపిన ఎండాకాలాలు తలుచుకుంది. అడిగితే, “ఇన్నాళ్ళూ గడవలేదా?” అని నవ్వినవాళ్ళని తలుచుకుంది. దవడ కండ రాయిలా గట్టిపడింది. వెళ్ళిపోయిన మొగుణ్ణి తలుచుకుంది. “నీ కోపం భరించలేనన్నాడు. ఎందుకొచ్చిందే నీకింత కోపం అని ఒక్కసారైనా అడిగాడా?” గడ్డం మీది చిన్న కండ గుంటలు గుంటలుగా ముడుచుకుని కింది పెదవిని పైకి తోసింది. కూతురు ఒక్కొక్క గుంటా పెట్టుకుంటూ వచ్చింది. చర్మరంధ్రాల జోలికి పోలేదు.

నుదురు వచ్చింది, ముక్కు వచ్చింది, నోరు వచ్చింది. కళ్ళచుట్టూ మాత్రం చర్మం మూసుకునే ఉంది. అమ్మమ్మ గుర్తుచేయగలిగినవన్నీ చేసింది. పక్కింటివాళ్ళని, చచ్చిపోయిన మరదల్ని, ఎప్పుడో ఇరవై ఏళ్ళనాడు చెప్పులు మార్చుకుపోయిన బంధువునీ కూడా తెచ్చింది. కళ్ళచుట్టూ తేటపడలేదు.

“ఇంకేమీ లేవే,” అంది అమ్మమ్మ అలసిపోయి.

“ఒకటుంది,” అంది తల్లి. కూతురి వైపు తిరిగింది. ఈసారి అరవలేదు. “వాళ్ళందరూ పరాయివాళ్ళు. పరాయివాళ్ళకి నా మీద జాలెందుకుంటుంది? నువ్వు నా కడుపున పుట్టావు. మీ నాన్న మాటెత్తి నా ప్రాణం తీస్తూ, నేను ఏడుపాపుకుంటుంటే, నా దవడ కొలుచుకున్నావు.”

రెండు కళ్ళచుట్టూ తేట పరుచుకుంది. కంటిని గుండ్రంగా చుట్టుకున్న పల్చటి కండ లోపలి మూలవైపు బిగుసుకుని, నీటిని బయటికి రానివ్వకుండా పట్టుకుని ఉంది.

క్షమించమ్మా అన్న మాట కూతురి నోటిదాకా వచ్చింది. ఫ్రిజ్‌లవాళ్ళ దగ్గరా టీవీలవాళ్ళ దగ్గరా అరిగిపోయిన మాట అది. దాన్ని తెచ్చి తల్లి ముందు పెట్టడానికి సిగ్గేసింది. కాళ్ళకేసి చూడాలని మెడ లాగుతోంది. చూడలేదు. తనమీద కోపంగా ఉన్న ఆ కళ్ళలోకే చూస్తూ, కనిపించింది కనిపించినట్టు చేసింది. ఒకచోట గీత పక్కకి పోయింది. దాన్ని సరిచెయ్యలేదు.

శుక్రవారం స్టూడియోలో మేడమ్ తెరమీద బొమ్మని తిప్పింది. వీపు, భుజం, కడ్డీ పట్టుకున్న చెయ్యి. తర్వాత ముఖం ఎదురుకి వచ్చింది. మేడమ్ కుర్చీ కొంచెం వెనక్కి జరిగింది. పక్క బల్లల దగ్గరివాళ్ళు ఒక్కొక్కరే లేచి వచ్చి వెనక నిలబడ్డారు. ఎవరూ జోకులు వెయ్యలేదు.

“ఎవరి మీద ఈవిడకి ఇంత కోపం?” అంది మేడమ్.

“నామీదండీ.”

మేడమ్ బొమ్మని తిప్పడం ఆపి ఆ పిల్లవైపు తిరిగింది. “సోమవారం పొద్దున్నే వచ్చెయ్. ఈ ముఖం మీద ఎవరు ఏం మార్చమన్నా మార్చకు. నేను చెప్పినా సరే.”

మెట్లు దిగుతూ ఆ పిల్ల తల్లికి ఫోన్ చేసింది. అవతల బస్సు మోత, ఎవరో ఎక్కుతూ ఎవరో దిగుతూ కేకలు.

“తీసుకున్నారమ్మా.”

“ఊఁ. ఎవరెవరు చూశారు నన్ను?”

“అందరూ చూశారు.”

“ఎలా ఉన్నానట?”

“భయపడ్డారమ్మా.”

అవతల మిషన్‌లోంచి టికెట్ చింపిన చప్పుడు వినిపించింది.

“మంచిది,” అంది కండక్టరమ్మ.